నాజీక్ వంతు నీళ్లు

ఆ ఏడు చలికాలంలో కొండల మీద మంచు సరిగ్గా పడలేదు. మా తలస్ లోయలో ఆ ఒక్క మాట చాలు, వేసవిలో ఊరు ఎలా ఉండబోతుందో చెప్పడానికి. మే నెలలో అందరం ఎప్పటిలాగే చిక్కుడు గింజలు నాటాం. జూన్ సగానికొచ్చేసరికి కాలువలో నీళ్లు మోకాలి నుంచి మడమకి దిగాయి.

అప్పుడు మా నీరుగంటి ఒమూర్జాక్ ఊరివాళ్లందరినీ బడి ముందు కూర్చోబెట్టి నీటి వంతులు చదివాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కాలువ ఆయన చేతిలోనే ఉంది. ఎవరి చేనికి ఏ రోజు ఏ గంటకి తూము ఎత్తాలో కాగితం చూడకుండా చెప్పగలడు. ఆ రోజు మాత్రం కాగితం చూసి చదివాడు, ఎందుకంటే అందులో ఒక పేరు చోటు మారింది. మా చేను కాలువ మొదటి నుంచి ఆరోది. ఆరో పేరుగా మాది రాలేదు. ముప్పై ఎనిమిది పేర్లూ చదివాడు. శ్మశానం గోడ పక్కన నాటిన మొక్కల వంతు చదివాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "జొల్దోష్, గంటన్నర" అన్నాడు.

జొల్దోష్ నా మొగుడు. లేచి నిలబడ్డాడు.

"బాయ్కే, మా చేను ఆరోది కదా?"

మా దగ్గర పెద్దవాళ్లని బాయ్కే అనే పిలుస్తాం, తిట్టేటప్పుడు కూడా.

"తాతల దారి వదిలేసినవాళ్ల వంతు తాతల సమాధుల తర్వాతే," అన్నాడు ఒమూర్జాక్. "అంత తొందరగా ఉంటే మీ ఈసాని అడుగు. నీళ్ల మీద నడుస్తాడంట కదా, వచ్చేటప్పుడు నాలుగు బిందెలు పట్టుకు రమ్మను!"

జనం ఘొల్లున నవ్వారు. నేను లేవబోయాను. జొల్దోష్ నా గౌను అంచు పట్టుకుని కిందకి లాగాడు. "వద్దు బురుల్," అన్నాడు నెమ్మదిగా. మా ఆయన వోడ్కా మానేసి ఈసా దారిలోకి, అంటే క్రైస్తవంలోకి, వచ్చి అప్పటికి మూడేళ్లు. నేను వచ్చి రెండేళ్లు. మమ్మల్ని ఊళ్లో బాప్టిస్టులు అనేవాళ్లు. మేము బాప్టిస్టులమో కాదో మాకే తెలీదు గానీ, ఆ మాట అనేటప్పుడు వాళ్ల మూతి తిరిగే వంకర మాత్రం మాకు బాగా తెలుసు.

ఇంటికొచ్చాక అత్త సేయిల్‌కాన్ టీ పోస్తూ, "వాడన్నదాంట్లో తప్పేముంది?" అంది. అత్త అయిదు పూటలా నమాజు చేసే మనిషి. మాతోనే ఉండేది, మా రొట్టే తినేది, మమ్మల్నే తిట్టేది. "ఊరంతా ఒక దారిన పోతుంటే మీరిద్దరూ ఇంకో దారి పట్టారు. నీళ్లు మాత్రం ఊరి దారినే రావాలా?"

"నీళ్లకి దారేంటి ఆపా, పల్లం ఎటుంటే అటు పోతాయి," అన్నాను. అమ్మ వయసు ఆడవాళ్లని మేము ఆపా అంటాం.

"నోరు మాత్రం ఎండదమ్మా నీకు. చేను ఎండినా నోరు ఎండదు."

* * *

మేము తొమ్మిది మందిమి. ప్రతి ఆదివారం పొద్దున పక్క ఊళ్లో సాగిన్ అగై ఇంట్లో కలిసేవాళ్లం. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవాడు. అందుకే అందరం అగై అంటాం, అంటే మాస్టారు అని. అక్కడ ఒక పద్ధతి ఉండేది. వాక్యం చదువుకున్నాక, ఆ వారంలో దాన్ని ఎవరు ఇంట్లో ఎలా ఆచరించారో ఒక్కొక్కరూ చెప్పాలి. విశ్వాసం ఆదివారం కప్పుకుని సోమవారం మడిచి పెట్టే శాలువా కాదు, పొయ్యి దగ్గరా పశువుల కొట్టం దగ్గరా పెరగాలి అనేవాడు ఆయన.

నాకు ఆ ఘట్టం ఇష్టం. నేను బాగా చెప్పేదాన్ని. "మా అత్త నా టీలో ఉప్పు వేసింది, నవ్వుతూ తాగేశాను" అనేదాన్ని. "అంగట్లో నన్ను పక్కకి తోసేశారు, ఊరుకున్నాను" అనేదాన్ని. కాలీపా అనే ఆవిడ కళ్లు తుడుచుకుని, "బురుల్ ఎంత ఎదిగిందో చూడండి" అనేది. ఆ మాట కోసమే వారమంతా ఊరుకున్న రోజులున్నాయి.

జూన్ చివరి ఆదివారం అగై ఒమూర్జాక్ పేరెత్తాడు. "మనకి కీడు చేసినవాడి మేలు కోరదాం" అన్నాడు. అందరం తలలు వంచాం. ఒమూర్జాక్ ఇంటినీ గొడ్లనీ మోకాళ్ల నొప్పినీ వరసగా చెప్పి, నేను గొప్పగా ప్రార్థించాను. మూసిన కళ్ల వెనక మాత్రం ఒమూర్జాక్ గుర్రం మీద నుంచి కాలువలో పడుతున్నాడు. ఒక్కసారి కాదు, పడ్డవాడు లేచి మళ్లీ ఎక్కి మళ్లీ పడుతున్నాడు. నాకే నవ్వొచ్చి దగ్గులా మార్చుకున్నాను.

* * *

జులై రెండో వారంలో చిక్కుడు పూతకొచ్చింది. పూత మీద నీళ్లు తప్పితే చేను ఉన్నా లేనట్టే. మా మొక్కలు మధ్యాహ్నానికల్లా ఆకులు ముడుచుకుని, దెబ్బలు తిన్న పిల్లల్లా తలలు వేలాడేసేవి. నేల మీద తెల్లటి పూత రాలి ఉండేది. నడిస్తే చెప్పులకి అంటుకునేది.

ఆ వారంలోనే ఊళ్లో చనిపోయిన ఒక పెద్దాయన ఏడాది విందు. గుర్రాన్ని కోశారు. ముప్పై ఎనిమిది ఇళ్లకీ పిలుపు వెళ్లింది. మా ఇంటికి వచ్చిన కుర్రది వాకిట్లో నిలబడి, "సేయిల్‌కాన్ ఆపాని రమ్మన్నారు" అంది. నా మొహం చూసి, "ఆపాని ఒక్కదాన్నే" అని కలిపింది. అత్త తెల్ల తలగుడ్డ చుట్టుకుని, నా వంక చూడకుండా వెళ్లిపోయింది. జొల్దోష్ ట్రాక్టరు సామాను కోసం తలస్ పట్నం వెళ్లాడు. నేను పార భుజాన వేసుకుని చేనికి పోయాను, ఏం చెయ్యాలో తెలియకుండానే.

కాలువ గట్టున పురుగు లేదు. ఊరంతా విందులో ఉంది. కాలువ మాత్రం నిండుగా పారుతోంది. మా చేను పక్క నుంచే, మా మొక్కలకి నాలుగు అడుగుల దూరం నుంచే, గలగలమని కిందకి పోతోంది. అది నాజీక్ వంతు. పది నుంచి రెండు దాకా. నాజీక్ కాలువ చివరన ఉండే మనిషి, నేను ఎజే అంటాను, అంటే అక్క. మొగుడు లేడు, ఇద్దరు మనవలతో ఉంటుంది. తన మడవ తెరిచిపెట్టి విందులో వంటకి వెళ్లింది. మా వంతు మర్నాడు పొద్దున్నే. గంటన్నర.

వంతు ఎవరిదో తెలియక చేశానని నేను ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నాకు తెలుసు. నాజీక్ నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదని కూడా తెలుసు. అయినా ఆ గంటలో నాకు కనపడింది నాజీక్ కాదు. బడి ముందు నవ్విన ముప్పై ఎనిమిది నోళ్లు కనపడ్డాయి.

మా మడవ తెరిచాను. గడ్డి పెళ్లలు తవ్వి, రాళ్లు మోసుకొచ్చి, కాలువకి అడ్డం వేశాను. నీళ్లు ఒక్క క్షణం ఆగి, ఇటు తిరిగాయి. బోదెల వెంట పరుగెత్తాయి. నేల బుసబుసమని తాగింది. నేను గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాను. పాట పాడాను. ఆదివారం మేము పాడుకునే స్తుతి పాట. ఇది చెప్పడానికే నాకు అన్నిటికంటే సిగ్గు.

ఒంటిగంట దాటాక అడ్డు తీసేశాను. రాళ్లు ఎక్కడివి అక్కడ పెట్టాను. పెళ్లలు చేలో కప్పేశాను.

సాయంత్రం అత్త మాంసం సంచి పట్టుకుని చేని గట్టు మీదుగా వచ్చింది. నిలబడింది. మొక్కలు తలలెత్తి ఉన్నాయి. ఆవిడ మొక్కల వంక చూసింది, నా కాళ్లకి ఎండిన బురద వంక చూసింది.

"నువ్వు బాప్టిస్టువి అయ్యాక చేసిన మొదటి బుద్ధిగల పని ఇదే," అంది. సంచి నా చేతిలో పెట్టింది. "తిను. వేడిగా ఉన్నప్పుడే తిను."

* * *

గొడవ అరగంటలో లేచింది. నాజీక్ గొంతు కాలువ చివర నుంచి మా ఇంటి దాకా వినపడింది. మర్నాడు మాకు గంటన్నర నీళ్లు వచ్చాయి, చేనంతా తడిసింది, నా తప్పు ఆ తడిలో కలిసిపోయింది. మా వైపు ఎవరూ వేలు చూపించలేదు. చూపించడానికి వాళ్లకి ఇంకో మనిషి ఉన్నాడు.

ఒమూర్జాక్ వియ్యంకుడు గింజల వ్యాపారి. వాడి చేను కాలువ పై భాగంలో ఉంది, కరువులో కూడా పచ్చగా ఉంటుంది. నాజీక్ నీళ్లు అక్కడికే పోయాయని ఊరు తేల్చేసింది. ఎప్పటి నుంచో లోపల పెట్టుకున్నవన్నీ బయటికొచ్చాయి. మళ్లీ బడి ముందు కూర్చున్నారు. మేము వెనక నిలబడ్డాం.

ఒమూర్జాక్ రొట్టె తెప్పించాడు. రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మా దగ్గర అంతకి మించిన ఒట్టు లేదు.

"పొద్దున పదింటికి నాజీక్ తూము నా చేత్తో ఎత్తాను. తర్వాత ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఈ రొట్టె నా గొంతులో అడ్డం పడాలి."

"నీళ్లు అమ్ముకున్నవాడికి రొట్టె ఒక లెక్కా?" అన్నారెవరో.

"నా మనవలకి ఏం పెట్టాలి?" అంది నాజీక్. "నీ ఒట్టు ఉడకేసి పెట్టనా?"

జనం నవ్వారు. జూన్‌లో మా మీద నవ్విన నవ్వే. ఆయన చుట్టూ చూశాడు. ఇరవై రెండేళ్లు తన కోసం గట్టు మీద లేచి నిలబడినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూశాడు. వంతుల కాగితమూ, తూము తాళమూ అడిగి తీసుకున్నారు. ఊరి పెద్ద తమ్ముడికి ఇచ్చారు. ఒమూర్జాక్ రొట్టెని చొక్కాలో పెట్టుకుని, గుర్రాన్ని మరిచిపోయి నడిచి వెళ్లిపోయాడు.

నాకు ఎలా అనిపించిందో దాచను. తియ్యగా అనిపించింది. ఎండలో నడిచొచ్చి చల్లటి మజ్జిగ తాగినట్టు, గొంతు నుంచి కడుపు దాకా. నేను చేసింది నీళ్లు తిప్పడం వరకే, ఇది దేవుడు చేశాడు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆదివారం నాటికి ఆ మాట పక్క ఊరికి చేరింది. కాలీపా మోకాళ్ల మీద కూర్చుని చేతులెత్తి, "గర్విష్టిని దించావు తండ్రీ, నీ బిడ్డల్ని ఏడిపించినవాణ్ణి ఊరి ముందు నిలబెట్టావు" అని కృతజ్ఞత చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. సాగిన్ అగై కూడా అన్నాడు. "మనం చెయ్యెత్తలేదు. ప్రభువే తీర్పు తీర్చాడు" అన్నాడు. జొల్దోష్ ఆమెన్ అన్నాడు, పాపం, ఏమీ తెలియక.

నేనూ అన్నాను.

ప్రార్థన అయ్యాక, ఆ వారం ఎలా గడిచిందో చెప్పే వంతులు మొదలయ్యాయి. నా దగ్గరికి వచ్చింది. ఎనిమిది మొహాలు నా వైపు తిరిగాయి. ఎప్పటిలాగే ఏదో చెప్పాలి కదా.

"ఆ మనిషిని అందరూ తిడుతుంటే నేను మాత్రం నోరు మూసుకున్నాను," అన్నాను.

"చూశారా," అంది కాలీపా. కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు తిరిగొస్తూ దారిలో నాకు వాంతి అయింది. జొల్దోష్ బండి ఆపి నా వీపు నిమిరాడు. "ఎండ దెబ్బ" అన్నాడు. ఎండ కాదని అక్కడే, రోడ్డు పక్కనే, చెప్పేశాను.

ఆయన నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. తర్వాత, "నేను చేశానని చెప్తాను. నన్ను కొట్టినా పర్లేదు," అన్నాడు.

"అది ఇంకో అబద్ధం అవుతుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆమెన్ అంటున్నావుగా, ఎందుకు ఆపాలనిపించింది," అన్నాను. ఆయన చెంప దెబ్బ తిన్నట్టు చూశాడు. అనాల్సిన మాట కాదు అది. అప్పట్లో నా నోట్లోంచి అలాంటివే వచ్చేవి.

* * *

మంగళవారం సాగిన్ అగై దగ్గరికి వెళ్లాం. విన్నాక ఆయన మొహం మాస్టారి మొహం అయిపోయింది, తప్పు లెక్క చేసిన పిల్లని చూసినట్టు.

"దేవుడి ముందు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నాను."

"అయితే ఆయన క్షమించాడు. ఇక్కడితో వదిలెయ్. ఊళ్లో చెప్పావనుకో, బురుల్ దొంగ అనరు. బాప్టిస్టులు దొంగలు అంటారు. ఈ ఇంటి తలుపు మూయిస్తారు. తొమ్మిది మంది బతుకు నీ ఒక్కదాని మనసు తేలిక కోసం పణం పెడతావా?"

"దేవుడికి ఏం నష్టమైంది అగై, క్షమించడానికి?" అన్నాను. "ఆయన నీళ్లు కాదు కదా నేను తిప్పుకుంది. నాజీక్ ఎజే పూత రాలిపోయింది. ఒమూర్జాక్ వీధిలోకి రావడం లేదు."

"వాడు మనల్ని ఎంత ఏడిపించాడో మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అందుకే ఆదివారం మీ ప్రార్థన నాకు అంత బాగా నచ్చింది."

ఆయన ఎర్రబడ్డాడు. వాకిలి దాకా కూడా రాలేదు మాతో.

ఇంట్లో అత్త ఇంకో రకం. "మతి పోయిందా నీకు? ఎవరడిగారు నిన్ను? ఒమూర్జాక్ గాడు నీ కాళ్లు పట్టుకుని బతిమాలాడా?" అని అరిచింది. "ఈ ఊళ్లో నీళ్లు తిప్పుకోని కొంప ఒకటి చూపించు. నేను తిప్పలేదా? మా అత్త తిప్పలేదా? తిప్పుకోవడం, ఊరుకోవడం! దాన్నే కాపురం అంటారు!"

"మీరు ఊరుకోగలిగారు ఆపా. నా వల్ల కావట్లేదు."

"నీ ఈసా నేర్పాడా ఇది? ఇంటి గుట్టు వీధిలో పారబొయ్యమని?"

ఆయన నేర్పాడో, రోడ్డు పక్కన నాకైన ఆ వాంతి నేర్పిందో అప్పుడు తెలియదు. ఇప్పటికీ ఆ రెంటినీ విడదీసి చెప్పలేను.

గురువారం పొద్దున పదింటికి తూము దగ్గర వంతు మారే సమయం. పాతిక మంది దాకా పారలు పట్టుకుని ఉన్నారు. కొత్త నీరుగంటి, ఏ పలక ఎత్తితే ఏ కాలువ పారుతుందో తెలియక అరుస్తున్నాడు. ఒమూర్జాక్ అందరిలాగే తన చేని వంతు కోసం దూరంగా కూర్చుని ఉన్నాడు. నాజీక్ ఉంది. నేను ముందుకెళ్లాను. జొల్దోష్ నా పక్కనే నిలబడ్డాడు. రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి.

"విందు రోజు నాజీక్ ఎజే నీళ్లు తిప్పుకుంది నేను," అన్నాను. "పది దాటాక అడ్డం వేశాను, ఒంటిగంట దాటాక తీశాను. ఒమూర్జాక్ బాయ్కేకి తెలియదు. ఆయన వియ్యంకుడికీ తెలియదు. మా ఆయనకి కూడా తెలియదు. నేనే."

తర్వాత నాజీక్ నడిచొచ్చింది. తొందరేం లేదు, మామూలుగానే నడిచొచ్చి, నా చెంప మీద కొట్టింది. చెవి గింగురుమంది.

"నా పంటలోంచి నీకు పోయినంత ఇస్తాను ఎజే," అన్నాను.

"నీ పంటా? నీ మొక్కల్లో ఉన్నవి నా నీళ్లే."

అప్పుడు మిగతావాళ్లు అందుకున్నారు. దొంగ బాప్టిస్టులు అన్నారు. పైకి ప్రార్థనలు లోపల ఇదీ అన్నారు. ఊళ్లోంచి పంపించెయ్యాలన్నారు. ఒక మట్టి పెళ్ల వచ్చి నా భుజానికి తగిలింది, రెండోది జొల్దోష్ నుదుటికి. మూడోది విసరబోతున్న చెయ్యి మధ్యలో ఆగింది, ఎందుకంటే తెల్ల తలగుడ్డ ఒకటి గుంపుని చీల్చుకుని వచ్చింది. అత్త ఎప్పుడు వెనకే వచ్చిందో నాకు తెలియదు.

"ఎవడ్రా విసిరింది? నా కోడల్ని కొట్టాలంటే నేను కొట్టాలి! మీరెవరు మధ్యలో? తిట్టాలన్నా నేనే, తన్నాలన్నా నేనే! నాజీక్ కొట్టింది, అది దాని హక్కు. మిగతావాళ్లు చేతులు కిందకి దించండి!"

దించారు. ఇంటికెళ్లాక తన హక్కు తను వాడుకుంది, పదిహేను రోజుల పాటు.

ఒమూర్జాక్ మాత్రం లేవలేదు. జనం తగ్గాక నేను ఆయన ముందుకు వెళ్లాను. తల ఎత్తకుండానే అన్నాడు:

"సంతోషంగా ఉందా?"

"లేదు బాయ్కే."

"రొట్టె పట్టుకుని చెప్పాను, నమ్మలేదు. నువ్వు వట్టి చేతులతో చెప్పావు, నమ్మేశారు." ఉమ్మేశాడు. "ఇరవై రెండేళ్ల నా పేరు ఒక బాప్టిస్టు ఆడదాని నోటి మాట మీద నిలబడాలి. పో, నా కళ్ల ముందు నుంచి."

* * *

ఆ సీజను అయ్యేదాకా మాకు చుక్క నీళ్లు ఇవ్వకూడదని తీర్మానం అయింది. కొత్త నీరుగంటి పది రోజుల్లో రెండుసార్లు రోడ్డుని ముంచేసేసరికి తాళం మళ్లీ ఒమూర్జాక్ చేతికి వచ్చింది. వచ్చిన రోజే మా మడవకి అడ్డంగా చెక్క పెట్టి మేకులు కొట్టాడు. నాలుగు చాలు. అయిదోది కూడా కొట్టాడు.

సాగిన్ అగై చెప్పినట్టే జరిగింది. ఇద్దరు అధికారులు వచ్చి ఆయన ఇంట్లో ఎవరెవరు కలుస్తారో రాసుకుపోయారు. నెల పైన మా కూడిక ఆగిపోయింది. రెండు కుటుంబాలు మళ్లీ రాలేదు. బస్సులో కాలీపా కనపడితే నమస్కారం పెట్టాను. "నీ మనశ్శాంతి కోసం మమ్మల్ని బజారుకి ఈడ్చావు" అంది, కిటికీ వైపు తిరిగిపోయింది. అందులో అబద్ధం లేదు. అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. ఆగస్టులో ఒకరోజు అగై సైకిలు మీద వచ్చాడు. గేటు బయటే నిలబడి, "ఆ ఆదివారం నేను అన్న ఆమెన్ వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియట్లేదమ్మా" అన్నాడు. టీ తాగి వెళ్లమన్నాను. తాగాడు.

మా చేను మూడో వంతు కూడా పండలేదు. పండినదాంట్లో సగం సెప్టెంబరులో నాజీక్ వాకిట్లో దించాను. గింజలు తన చాప మీద పోసుకుని, ఖాళీ సంచి దులిపి నా మీదకి విసిరింది. "సంచి నాది కాదు" అంది.

కానీ నేను చెప్పాలనుకున్నది అంతకు ముందు సంగతి. ఆగస్టు మూడో వారం. కాయ గట్టిపడే సమయం, ఆఖరి తడి. పొద్దున్నే మా గేటు ముందు గుర్రం ఆగింది. ఒమూర్జాక్. దిగలేదు.

"మా ఆవిడకి పట్నంలో కంటి ఆపరేషను. తీసుకురావాలి. రెండింటికి గానీ రాలేను," అన్నాడు, గేటుతో మాట్లాడుతున్నట్టు. "పది నుంచి నాజీక్ వంతు. తూము దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. నువ్వు కూర్చో."

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. అత్త టీ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది.

"ఏం ఒమూర్జాక్, కాపలాకి దొంగ దొరికిందా నీకు?"

"దొంగతనం చేసి తనే వచ్చి చెప్పే దొంగ ఈ ఊళ్లో ఇదొక్కతే," అన్నాడు. "మిగతావాళ్ల సంగతి నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు." నా వైపు తిరిగాడు. "నిన్ను నమ్మి కాదు. అర్థమైందా? వేరే దిక్కు లేక."

"అర్థమైంది," అన్నాను.

పదింటికి, ఆయన ఇచ్చి వెళ్లిన తాళంచెవితో తూము తాళం తీసి ఎత్తాను. నీళ్లు నిండుగా దిగాయి. మా చేను పక్కన, మేకులు కొట్టిన చెక్కని తాకుతూ, కిందకి పోయాయి. నేను గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి నాజీక్ పార పట్టుకుని వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా?"

"ఒమూర్జాక్ బాయ్కే కూర్చోమన్నాడు."

"వాడికి మతి పోయింది." కిందకి వెళ్లి తన మడవ చూసుకుని మళ్లీ పైకొచ్చింది. నాకు ఎదురుగా, కాలువకి అవతలి గట్టున, పార ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెళ్లలేదు. నేను తూముని కాపలా కాశాను, ఆవిడ నన్ను కాపలా కాసింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇద్దరి మధ్యా నీళ్లు పోతున్నాయి.

మా చేను నా వీపు వెనకే ఉంది. చూడకూడదనుకున్నాను, పదిసార్లు చూశాను. కాయలు సగమే నిండి ముడతలు పడుతున్నాయి. చెక్క పక్కన మట్టి కోసుకుపోయి ఒక చిన్న బెజ్జం పడింది. వేలు పెట్టి పెద్దది చేస్తే చాలు, ఎవరూ తిప్పినట్టు ఉండదు, దానంతట అది కారినట్టు ఉంటుంది. నా చెయ్యి అటు వెళ్లింది. అబద్ధం ఎందుకు, వెళ్లింది. నాజీక్ పార మీద పట్టు బిగించింది. నేను గుప్పెడు బురద తీసి ఆ బెజ్జాన్ని పూడ్చాను. పూడుస్తుంటే ఏడుపొచ్చింది. మంచి పని చేస్తున్నందుకు వచ్చిన ఏడుపు కాదు. కడుపు మండి వచ్చింది.

రెండు దాటాక ఒమూర్జాక్ వచ్చాడు. గుర్రం మీద నుంచి దిగి, ముందు మా చేలోకి వెళ్లాడు. వంగి, మొదటి బోదెలో బొటనవేలు గుచ్చాడు. రెండో బోదెలో గుచ్చాడు. వేలికి అంటిన పొడి దుమ్ముని ప్యాంటుకి తుడుచుకున్నాడు. తర్వాత నాజీక్ వంక చూశాడు.

"నాలుగు గంటలూ వచ్చాయి," అంది నాజీక్. పార భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఒమూర్జాక్ తూము దించి తాళం వేశాడు. "ఇంటికి పో," అన్నాడు నాతో.

వెళ్లాను. అత్త రొట్టె ముందుకు తోసి, "తిప్పుకోలేదా?" అని అడిగింది. లేదన్నాను. "తెలివితక్కువదానా," అంది, గిన్నెలో ఇంకాస్త పాలు పోస్తూ. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. ఆ నాలుగు గంటల్లో నేను ఒక్కసారి కూడా ప్రార్థన చెయ్యలేదు.